నిదానము

గోదావరి గట్టునకు దగ్గరగా నున్న మా యింటి నడవలో, ప్రతిసాయంకాలము దీపము పెట్టిన పిదప, 82 ఏండ్ల మా యమ్మ మంచముపై గోడకు చేరగిలబడి, తన చిన్ననాట కోనసీమలో విన్న మేలుకొలుపులను, రోకటిపాటలను, అప్పగింతల పాటలను ఒక్కొక్కటిగా జ్ఞప్తికి తెచ్చుకొని పాడుచుండగా, నేను మంచము ప్రక్కకు కుర్చీ లాగికొని, ఆమె కాళ్లదగ్గర బొంతమీద ల్యాప్‌టాపు పెట్టుకొని, వానిని అందులో ఎక్కించుట రెండేండ్లుగా మాకు నిత్యకృత్యమైనది. ఆ ల్యాప్‌టాపు 2012లో కొన్నది. మూతకీలొకటి వదులైనది, మీటలపై అక్షరములు సగము అరిగిపోయి, వ్రేళ్ల యలవాటుచేతనే పని జరుగుచుండెను. గత వేసవినుండి అది పాట నడుమ ఆగిపోవ నారంభించినది. ఒకప్పుడు తెర చటుక్కున నల్లబడును. ఒకప్పుడు నీలిరంగు తిరిగి, తెల్లని యక్షరములు నాలుగు పంక్తులు చూపి, తనంతట తానే మరల మొదటికి వచ్చును. దాచుకొనని పంక్తులన్నియు పోవును. నేను విసుగుకొనుచుండగా అమ్మ మాత్రము 'నిదానంగా రానీరా నాన్నా, పాటెక్కడికి పోతుంది?' అని పల్లవినుండి మరల అందుకొనెడిది. రెండవమారు పాడినపుడు ఒకటి రెండు మాటలు మారెడివి. ఏది అసలుదని నేనడిగినచో 'రెండూ అసలువే' ననెడిది.

మొదట చూపిన దుకాణమువారు దాని మూత విప్పలేదు. చేతిలోనికి తీసికొని ఒకమారు త్రిప్పి చూచి, 'ఎప్పటిది సార్ ఇది? వయసైపోయింది. బోర్డు పోయుంటుంది. కొత్తది తీసుకోండి' అని చెప్పి తిరిగి యిచ్చివేసిరి. ఆ మాట నాకు తొలుత న్యాయముగనే తోచినది. ఏలయన అటువంటి మాటనే కొన్ని నెలల క్రిందట మఱియొకచోట విని, న్యాయముగనే యెంచి, తలయూచి యింటికి వచ్చియుంటిని. అమ్మకు కొంతకాలముగా కండ్లు తిరుగుచుండెను. ఒకనాటి ప్రొద్దున తులసికోట దగ్గర కూలబడి మోచేయి కొట్టుకొన్నది. వైద్యునికి చూపగా, ఆయన వయసెంతని యడిగి, 'ఈ వయసులో మామూలేనండి' అని, బలమునకు మాత్రలు వ్రాసి యిచ్చెను. ఒక యంత్రమునకును ఒక తల్లికిని రోగనిర్ణయము ఒకే మాటలో లభించినది. మొదటిసారి నెమ్మదిగ మ్రింగిన ఆ మాట రెండవసారి గొంతులో ముల్లువలె అడ్డుపడినది. వయస్సు నిజముగ ఒక కారణమా? కానిచో కారణమువలె మనకేల కనబడుచున్నది?

కారణమన నేమి యను విచారమున మన తార్కికులు చూపిన జాగ్రత్త సామాన్యమైనది కాదు. కార్యమునకు ముందు తప్పక ఉండుట ఒక్కటియే చాలదనియు, అది లేకున్నను కార్యము సాగిపోవునట్లున్నచో దానికి కారణత్వము లేదనియు వారు పట్టుపట్టిరి. కుండకు ముందు మన్ను మోసికొని వచ్చిన గాడిద ఉన్నది; కుమ్మరి తండ్రి ఉండినాడు; చక్రమును త్రిప్పిన కఱ్ఱకు ఒక రంగు ఉన్నది. ఇవి యన్నియు కుండకు ముందున్నవే. అయినను వీనిని వారు అన్యథాసిద్ధములని త్రోసివేసిరి. 17వ శతాబ్దమున మన తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహముతో తర్కమున ఓనమాలు దిద్దినవారికి ఈ గాడిద త్వరలోనే ఎదురగును. నేను చదువుకొన్ననాడు దానిని పరీక్షకొఱకు వల్లించితినే గాని, అది నా యింటి నడవలోనికి వచ్చి నిలుచుండునని తలపలేదు.

ఇందు ఇంకొక మెలిక కలదు. నా ప్రశ్న కంతకును కీలకమైనది అదియే. కాలము, దిక్కు, అదృష్టము, ఈశ్వరేచ్ఛ మొదలగువానిని నైయాయికులు కారణములు కావనలేదు. పుట్టు ప్రతికార్యమునకును అవి సాధారణకారణములనిరి. కుండ యగుటకు కాలము కారణమే, పగులుటకును కాలము కారణమే. అన్నిటికిని సమానముగ ఉత్తరమైనది ఏ యొక్కదానికిని ప్రత్యేకముగ ఉత్తరము కానేరదు. వయస్సన నేమి? ఒక వస్తువునందు పేరుకొన్న కాలమే కదా! 'వయసైపోయింది' అను మాట ఎన్నటికిని అబద్ధము కాజాలదు. దాని దోషమంతయు అందే యున్నది. మన యిండ్లలో 'అంతా ఖర్మ' అనుకొని నిట్టూర్చుటయు ఈ జాతిదే. అదృష్టము సర్వత్ర కారణమని అంగీకరించిన తార్కికుడే, కుండ పగిలినచో, తగిలిన రాయి కొఱకు వెదకును. సాధారణకారణమును అంగీకరించుట అసాధారణకారణమును వెదకు బాధ్యతనుండి మనలను విడుదల చేయదు.

మా వీధిచివర నా పూర్వవిద్యార్థి యొకడు చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేయుచు జీవించుచున్నాడు. అతడును ల్యాప్‌టాపును వెంటనే విప్పలేదు. కాని కాగితము తీసికొని ప్రశ్నలడిగినాడు. 'ఆన్ చేసిన ఎంతసేపటికి ఆఫవుతోంది మాస్టారూ? ముందు ఫ్యాను చప్పుడు పెరుగుతోందా? ఛార్జరు పెట్టినప్పుడా, తీసినప్పుడా? నల్లగా అయిపోయేది ఎన్నిసార్లు, నీలం తెర వచ్చేది ఎన్నిసార్లు? దేనిమీద పెట్టుకుని పనిచేస్తారు?' చివరి ప్రశ్నకు నేను నవ్వి, అమ్మ మంచముమీద బొంతపై నని చెప్పితిని. అతడు నవ్వలేదు. రేపొక్కరోజు టేకుబల్లమీద పెట్టి చూడుడనెను. బొంతమీద నలుబది నిమిషములకు ఆగిపోవునది బల్లమీద మూడు గంటలు నడచినది. చాలసేపు పనిచేసినందుననే అది అలసి ఆగుచున్నదని నేను అంతవరకు నిశ్చయించుకొని యుంటిని. నిప్పున్నచోటనెల్ల పొగయుండుననుట తప్పనియు, ఎఱ్ఱగ కాలిన ఇనుపగుండునందు నిప్పున్నను పొగ లేదనియు, నడుమ పచ్చికట్టె యను ఉపాధి యొకటి కలదనియు శాస్త్రము చెప్పును. నా విషయమున పచ్చికట్టె అమ్మ బొంతయే. అడుగుభాగమున గాలి పీల్చుకొను రంధ్రములను ఆ మెత్తని గుడ్డ మూసివేయుచుండెను.

అటుపిమ్మట విప్పినాడు. మరలన్నిటిని విప్పిన వరుసలోనే ఒక అట్టమీద గ్రుచ్చి, ఏది ఎక్కడిదో గీత గీసికొని, అడుగుమూత ఎత్తినాడు. లోన వ్రేలెడంత చక్రము, దాని ప్రక్క వేడిని బయటికి పంపు రాగిగొట్టము, ఆ గొట్టము చివర దువ్వెనపండ్లవలె సన్నని రేకులు. ఆ రేకులకును చక్రమునకును నడుమ పదేండ్ల దుమ్ము బూడిదరంగు కంబళివలె పేరుకొని యున్నది. పట్టుకారుతో లాగగా తునిగిపోక ఒకే గుడ్డముక్కగ ఊడివచ్చినది. అందు మా నడవలోని దూది ఉన్నది, అగరువత్తుల మసి ఉన్నది, ఒక తెల్లని వెండ్రుకయు ఉన్నది. అది నాదో అమ్మదో చెప్పలేను. ప్రాసెసరుకును రాగిరేకునకును నడుమ వేడిని అందించుటకై పూసియుంచు పేస్టు ఎండి, పాతగోడ సున్నమువలె పెచ్చులై రాలినది. దానిని తుడిచి, క్రొత్తపేస్టు బఠాణిగింజంత పెట్టి బిగించినాడు. అంతకు ముందు పనిచేయునపుడు 98 డిగ్రీల వేడికి ఎక్కి, ఇంక పైకి పోయినచో తాను మాడిపోదునని తన్ను తాను ఆర్పుకొనుచున్న యంత్రము ఇప్పుడు 70 దాటలేదు. చటుక్కున నల్లబడుట దాని ప్రాణరక్షణోపాయము. నేను దానినే రోగమనుకొంటిని.

నాలుగు దినములు సుఖముగ గడచినవి. అయిదవనాడు, ఒక అప్పగింతల పాట చివరి చరణమున, నీలితెర మరల ప్రత్యక్షమయ్యెను. నిరాశ చెందిన నాతో అతడు, 'మీకు మొదట్నించీ రెండు జబ్బులున్నాయి మాస్టారూ, ఒకటే పోయింది' అనెను. ఇది నా కప్పటివరకు తట్టని విషయము. ఫలమొకటియే కనబడినపుడు మూలమును ఒకటియే యనుకొనుట మనస్సునకు సహజము. నల్లతెర వేడివలన, నీలితెర వేఱొకదానివలన. ఆ వేఱొకదానిని కనుగొనుటకు నాలుగు రాత్రులు పట్టినది. యంత్రములో 4 జీబీ చొప్పున రెండు ర్యాము ముక్కలున్నవి. మెమ్‌టెస్ట్ అను ప్రోగ్రాము ఆ ముక్కలలోని ప్రతి స్థానమునందును సున్నలను ఒకట్లను వ్రాసి మరల చదువును. ఒకటి వ్రాసినచోట సున్న తిరిగివచ్చెనా, అచ్చట దోషమున్నదని యెఱ్ఱని పంక్తితో చూపును. రెండు ముక్కలున్నపుడు ఎఱ్ఱపంక్తులు వచ్చినవి. బంగారుపూత గల వాని పండ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టినను వచ్చినవి. రెండవ ముక్క నొక్కదానిని మొదటి గాడిలో పెట్టగా రాలేదు. దానినే రెండవ గాడిలో పెట్టినను రాలేదు. మొదటి ముక్కను ఏ గాడిలో పెట్టినను వచ్చినవి. దోషము ముక్క వెంట నడచినది, గాడిని అంటిపెట్టుకొని నిలువలేదు. అది యున్నపుడు ఇది యుండుట, అది లేనపుడు ఇది లేకుండుట అను అన్వయవ్యతిరేకములను ఇంతకంటె స్పష్టముగ నేను ఏ గ్రంథమునను చూడలేదు. ఆ ముక్కలో చెడినది ఎక్కడో కొన్ని స్థానములు మాత్రమే. పని అంతవరకు నిండినప్పుడే ప్రమాదము. అందువలననే ఆ రోగము ఒకనాడు వచ్చి నాలుగునాళ్లు మాయమగుచుండెను.

ఈ రాత్రులలో నన్ను మిక్కిలి శోధించినది తొందర. రెండు ముక్కలను పారవేసి క్రొత్తవి పెట్టినచో ఒక్క పూటలో తీరును గదా యని నేనంటిని. అతడు, 'తీరుతుందండి, కానీ ఏది తీర్చిందో తెలీదు. మళ్లీ వస్తే మళ్లీ మొదటికే' అనెను. రెండు మార్పులు ఒక్కమారు చేసినచో యంత్రము బాగుపడవచ్చును గాని జ్ఞానము పుట్టదు. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణముననే జరిగినపుడు దేనివలన ఏది యని చెప్పగలవారెవరు?

నిదానమను మాట నాకు అప్పుడు క్రొత్తగ వినబడినది. సంస్కృతమున నిదానమనగా మూలకారణము; వైద్యమున రోగమూలమును నిర్ణయించు విద్య; మాధవకరుని ప్రసిద్ధగ్రంథమునకు మాధవనిదానమనియే పేరు. తెలుగువాడు మాత్రము ఆ మాటనే తీసికొని 'నెమ్మది' యను నర్థమున వాడుకొనుచున్నాడు. అమ్మ నాతో 'నిదానంగా రానీ' అన్నది ఆ యర్థముననే. పండితులు దీనిని అర్థవిపరిణామమని సరిపెట్టుకొందురు కాబోలు. నాకు మాత్రము ఇందు మన పూర్వులయొక్క ఏదో అనుభవము దాగియున్నట్లు తోచుచున్నది. నెమ్మదిలేనివానికి మూలము దొరకదని వారెరుగుదురు. ఆయుర్వేదము రోగజ్ఞానమునకు చెప్పిన అయిదు సాధనములలో ఉపశయమను నొకటి కలదు: లక్షణములు గూఢముగ నున్న రోగమును, ఔషధమో ఆహారమో విహారమో మార్చి చూచి, ఉపశమించెనా లేదా యను దానినిబట్టి గుర్తించుట. బల్లమీద పెట్టి చూడుమన్నవాడు, ర్యాము ముక్కను గాడి మార్చి చూచినవాడు, పేరెరుగకున్నను ఉపశయమునే ప్రయోగించినాడు.

బౌద్ధులును కారణముల గొలుసులోని పండ్రెండు కొలుకులకు నిదానములనియే పేరుపెట్టిరి. ఆ గొలుసున కడపటిది జరామరణము. సిద్ధార్థుడు రథమెక్కి పోవుచు ముదుసలిని చూచిన కథ మనమందరము ఎరుగుదుము. ఆతడు ఇల్లు విడిచిన ఆ రాత్రిని అమరావతి శిల్పులు రాతిపలకలపై చెక్కి మన కృష్ణాతీరమున నిలిపిరి. ఆ కథలో సారథి చెప్పినది సరిగా మా దుకాణదారు చెప్పినదే: ఇది వార్ధకము, అందరికిని వచ్చునది. సారథికి ఆ మాటతో ప్రశ్న ముగిసినది. రాకుమారునకు ఆ మాటతో మొదలైనది. ఏది యున్నచో జర యుండును, ఏది లేకున్నచో జర యుండదు అని వెనుకకు వెనుకకు పోయి, జాతి, భవము, ఉపాదానము, తృష్ణ, వేదన, ఇట్లు దిగుచు దిగుచు అవిద్య వరకు పోయినవానికి జర ఒక సమాధానముగ ఎన్నడును కనబడలేదు. ఆతని నిర్వాణమును అంగీకరింతుమా లేదా యనునది వేఱుమాట. కాని వయస్సను మాట దగ్గర ఆగక ముందుకు నడచిన ఆ నడక నాకు మిగుల పవిత్రముగ తోచుచున్నది.

ఇందులకొక యాక్షేపము రావచ్చును. జరను అంగీకరించుటయే వివేకము కాదా? ముదిమిని మరమ్మతు చేయబూనుట దేహాభిమానము కాదా? ఈ ప్రశ్నకు గౌరవమియ్యవలసినదే. అయితే మన పెద్దలు జరను వ్యాధిని వేఱుచేసి చెప్పిన తావులు కలవు. గీత పదమూడవ యధ్యాయమున జ్ఞానలక్షణములను చెప్పు సందర్భమున జన్మ, మృత్యువు, జర, వ్యాధి యని నాలుగింటిని వేఱువేఱుగ పేర్కొన్నది; సిద్ధార్థునకు కూడ ముదుసలి వేఱు, రోగి వేఱుగ కనబడిరి. సుశ్రుతుడు ఇంకను లోతునకు పోయెను. ఆకలి, దప్పిక, నిద్ర, జర, మృత్యువు స్వభావముచేత వచ్చునవని చెప్పి, వానిని మరల రెండుగ విభజించెను: తగిన రక్షణ యున్నను తమ కాలమునకు వచ్చునవి కాలజములు, రక్షణ లేమిచేత వచ్చునవి అకాలజములు. ఈ విభాగమును చదివిననాడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. రక్షింపకపోవుటచేత వచ్చిన జరకును, రక్షించినను వచ్చిన జరకును బయటికి ఒకటే రూపు. లోపలికి పోయి చూచినవానికి గాని భేదము తెలియదు. చూడనివాడు రెంటిని కాలమునకే అంటగట్టి తాను తప్పుకొనును. నేను అమ్మ విషయమున చేసినది అదియే.

ర్యాము దోషము బయటపడిన మరునాడే ఒక నోటుపుస్తకము తీసికొని, అమ్మకు కండ్లు తిరిగినపుడెల్ల వేళయు, అంతకు ముందు ఆమె చేసినదియు వ్రాయ నారంభించితిని. పదునైదు దినములలో తొమ్మిదిమారులు వచ్చినది. తొమ్మిదియు పడుకొన్నచోటునుండియో కూర్చున్నచోటునుండియో లేచిన రెండు మూడు నిమిషములలోపుననే. వానిలో ఏడు, ప్రొద్దుటి రక్తపుపోటు మాత్ర వేసికొన్న తరువాత. కూర్చుండి పాడినంతసేపు ఒక్కమారును రాలేదు. ఆ పుస్తకమును వేఱొక వైద్యురాలికి చూపితిని. ఆమె నాలుగు పుటలను చదివి, అమ్మను బల్లపై పడుకొనబెట్టి బీపీ చూచి, పిదప నిలువబెట్టి చూచెను. పడుకొన్నపుడు 140 ఉన్న పై అంకె నిలుచున్న రెండు నిమిషములలో 112కు దిగినది. లేచినంతనే నెత్తురు కాళ్లవైపునకు దిగుననియు, దానిని పైకి నెట్టవలసిన నరములు వార్ధకమున కొంత మందగించుననియు, ఆపై మాత్ర మోతాదు ఎక్కువైనచో తల తిరుగుననియు ఆమె చెప్పెను. మోతాదు తగ్గించి, నీరు ఎక్కువ త్రాగుమని, లేచుటకు ముందు కాళ్లు వ్రేలాడవేసి రెండు నిమిషములు కూర్చుండుమని చెప్పి పంపెను. అమ్మ ఆరోజు ఇంటికి వచ్చుదారిలో ఆటోలో, 'నాకీ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేరా' అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని. ఆమె పడినపుడు మోచేతిపై అయిన మచ్చ ఇప్పటికిని ఉన్నది.

వయస్సు అబద్ధమని నేను చెప్పబోవుట లేదు. దుమ్మును, పేస్టును, ర్యాము ముక్కను తీసివేసిన పిమ్మట మిగిలినది కొంత ఉన్నది. హార్డుడిస్కు తన పలకపై చెడిన స్థానములను తానే గుర్తించి, దాచియుంచిన స్థానములతో వానిని భర్తీ చేసికొనుచుండును. ఆ దాపు పరిమితమైనది. నా డిస్కు దానిలో కొంత వాడుకొన్నట్లు దాని లెక్కలే చెప్పినవి. బ్యాటరీ పావుగంటకు మించి నిలువదు. ఉండుట, మారుట, పెరుగుట, క్షీణించుట అని యాస్కుడు పేర్కొన్న భావవికారములలో ఇది క్షీణించు దశ. దీనికి కుట్టు లేదు, మాటు లేదు. స్వభావమునకు ప్రతిక్రియ లేదని చరకుడన్నదియు దీనినిగూర్చియే. నేను పాటలన్నిటిని మఱి రెండుచోట్ల నకలు తీసి భద్రపరచితిని. అమ్మ మోకాళ్లు మునుపటివలె వంగవు. కొన్ని పాటల నడిమి చరణములు ఆమెకు ఇక రావు. వానికొఱకు నేను ఏ నోటుపుస్తకమునను వెదకుట లేదు. ఈ అంగీకారమునకును, దుకాణమునుండి తలయూచి తిరిగివచ్చిననాటి అంగీకారమునకును చాల దూరమున్నది. అప్పటిది చూడకమునుపటిది. దానిని నేను ఆనాడు వైరాగ్యమనుకొంటిని.

ఇప్పుడు ల్యాప్‌టాపు ఒక్క ర్యాము ముక్కతో, టేకుపలక మీద, మెల్లగ నడచుచున్నది. తెల్లవారుజామున అమ్మ మేలుకొని, ప్రక్కకు ఒత్తిగిలి, చేయి ఊని లేచి కూర్చుండి, కాళ్లు క్రిందికి వ్రేలాడవేయును. వైద్యురాలు చెప్పిన రెండు నిమిషములను ఆమె గడియారముతో కొలువదు. కేశవ నామమునుండి మొదలుపెట్టి ఇరువదినాలుగు నామములను, ఒక్కొక్కదానికి ఒక శ్వాస విడుచుచు, లోలోపల చెప్పుకొనును. ఆ వేళకే నేనును మీట నొక్కుదును. చక్రము తిరుగు సన్నని చప్పుడు, ఆమె పెదవుల కదలిక, రెండును కొంతసేపు కలిసి సాగును. శ్రీకృష్ణ నామము వద్ద ఆమె అరచేతితో మంచపుపట్టెను పట్టుకొని, ఒక పాదము, పిదప రెండవ పాదము నేల నాని నిలుచుండును. ఒక క్షణమట్లే ఆగి, కండ్లు తెరచి దొడ్డివైపు చూచి, తులసికోటకు నీళ్లు పోయుటకై చెంబందుకొనును.